ముల్లు కదిలినంత దూరం

డాబా మీద రెండు వెదురు గడలు, వాటి మధ్య లాగి కట్టిన రాగి జాలీ ఏరియల్, రెండు కొసల్లో తెల్లటి పింగాణీ గుళ్ళు. 1970లలో మా తెనాలిలో రేడియో ఉన్న ఇంటిని వీధి మొదట్లోంచే గుర్తుపట్టవచ్చు. ఏరియల్ నుంచి ఒక తీగ కిటికీ చువ్వల సందులోంచి లోపలికి దిగేది. ఇంకో తీగ పెరట్లోకి పోయేది. అక్కడ గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి, రేకు ముక్క పాతి, తీగను దానికి బిగించేవారు. అది ఎర్త్. వేసవిలో ఆ నేల ఎండిపోతే రేడియోలో గరగర ఎక్కువయ్యేది. అందుకని గిన్నెలు కడిగిన నీళ్ళు అక్కడే పొయ్యమని నాన్న ఇంట్లో అందరికీ చెప్పి ఉంచారు.

రేడియోకి లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్ళి 15 రూపాయలు కడితే చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించి ముద్ర కొట్టి ఇచ్చేవారు. దస్తావేజులూ రేషన్ కార్డూ ఉండే ట్రంకుపెట్టెలోనే ఆ పుస్తకమూ ఉండేది. 1980ల మధ్యలో ప్రభుత్వం ఆ లైసెన్సు ఎత్తేసింది.

మా ఇంట్లోది మర్ఫీ వాల్వు సెట్టు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు గారి దగ్గర నాన్న నెలనెలా కొంత ఇచ్చే ఒప్పందం మీద తీసుకున్నారు. నాన్న మునిసిపల్ బళ్ళో మాస్టారు. స్విచ్చి వెయ్యగానే అది పలికేది కాదు, వాల్వులు వేడెక్కాలి. ముందు డయల్ వెనక దీపం వెలిగేది. తరవాత మ్యాజిక్ ఐ అనే ఆకుపచ్చటి కన్ను, ఆ తరవాత సన్నటి రొద, అప్పుడు మాట. స్టేషను సరిగ్గా కుదిరితే ఆ కన్నులోని నీడ మూసుకుపోయి పచ్చదనం నిండుగా వచ్చేది. సెట్టు మీద అమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉండేది. వాడే ముందు దాన్ని మడిచి పక్కన పెట్టడం ఒక పద్ధతి.

అందరూ వినే రేడియో అందరికీ తెలిసిందే. పొద్దున ఏడు దాటగానే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ నుంచి ఉషశ్రీ గారి గొంతు. అది వినడానికి భోజనాలు ముందుకో వెనక్కో జరుపుకునేవారు. రేడియో సిలోన్ తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై. ఆమె కొలంబోలో కూర్చుని మన ఊళ్ళ పేర్లు చదువుతుంటే, మన పేరు ఎప్పుడొస్తుందా అని చెవులు అటే ఉండేవి. సినిమా పాట వినాలంటే శ్రీలంక దాకా పోవలసి రావడానికి కారణం ఉంది. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా చేశారు. ఆ పాటలన్నీ సముద్రం దాటి కొలంబో నుంచి రావడం మొదలైంది. శ్రోతలంతా అటు పోతుంటే 1957 అక్టోబరు 3న వివిధ భారతి పుట్టింది.

మా వీధి మలుపులో ఒక దర్జీ సాయిబు గారుండేవారు. బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఆయన మిషను ఆగిపోయేది. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా. ఆయన గల్లాపెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీసి, ఆ వారం ఏ పాట ఏ మెట్టు మీద ఉందో ఉర్దూలో రాసుకునేవారు. ఏడాది పొడుగునా తాను వేసుకున్న లెక్క, డిసెంబరు చివర్లో సయానీ చదివే వార్షిక జాబితా, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. రెండూ కలిసిన ఏడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. పెళ్ళి బట్టలు ఆలస్యమైనా బుధవారం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆయన్ని ఎవరూ కదిలించేవారు కాదు. ఆ గంట ఆయనది. ఊరంతా దాన్ని ఒప్పుకుంది. మనిషికి పని కాని ఒక గంటను పక్కవాళ్ళు అంత మర్యాదగా వదిలిపెట్టడం ఇప్పుడు నాకు ఎక్కడా కనపడదు.

అదే పెట్టెలో ఇంకో రేడియో ఉండేది. మీడియం వేవ్ నుంచి షార్ట్‌వేవ్‌కి మీట మార్చి, కొలంబో కూడా దాటి ముల్లు తిప్పామా, తెలుగు పోయేది, హిందీ పోయేది, తెలిసిన గొంతులన్నీ పోయేవి. ఈలలు, బుసలు, ఎవరో గబగబా చదివే అరబ్బీ, దూరంగా చర్చి గంటలు, ఏ దేశానిదో తెలియని వాయిద్యం. చాలా ఇళ్ళలో కొలంబో దాటి వెళ్ళేవారు కాదు. పక్క వాటాలో ఉండే రైల్వే బుకింగ్ గుమాస్తా గారు, మేం బాబాయ్ అనేవాళ్ళం, నన్ను ఆ పక్కకు తీసుకెళ్ళారు.

ఆయనది మూడు బ్యాండ్ల ఫిలిప్స్ ట్రాన్సిస్టరు. పక్కన బౌండు పుస్తకం, గోడకి ప్రపంచ పటం. పుస్తకంలో గీతలు కొట్టి గడులు: తేదీ, జీఎంటీ, మీటర్లు, స్టేషను, భాష, ఏం విన్నారో రెండు ముక్కలు. "పాట వినడం ఎవరైనా వింటార్రా అబ్బాయ్, అవతలివాడు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నాడో పట్టుకోవడంలో ఉంది మజా" అనేవారు. ఆయన వాచీ మన టైముకు ఉంటే, గోడగడియారం లండన్ టైముకు ఉండేది. మన రాత్రి ఎనిమిదంటే 14:30 జీఎంటీ. అయిదున్నర గంటలు తీసెయ్యడం నాకు ఎక్కాలతో పాటు వచ్చేసింది.

ఆయన మొదట నేర్పింది మరలు తిప్పడం కాదు, ఆకాశాన్ని లెక్కలోకి తీసుకోవడం. పగలు 13, 16, 19 మీటర్లు వెతకాలి. పొద్దు వాలాక 25, 31. రాత్రి ముదిరాక 41, 49. ఎండ వేళ సూర్యుడి కాంతికి పైవాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరలు ఏర్పడతాయి. వాటినే అయనోస్ఫియర్ అంటారు. కింది పొర పెద్ద మీటర్ల తరంగాలను పగలంతా మింగేస్తుంది. సూర్యాస్తమయం కాగానే ఆ పొర కరిగిపోతుంది. పై పొర మటుకు ఉండి, కింది నుంచి వచ్చిన తరంగాన్ని మళ్ళీ నేలకు తిప్పికొడుతుంది. నేల మీద పడింది మళ్ళీ పైకి లేస్తుంది. ఇలా ఎగురుకుంటూ వేల మైళ్ళు వస్తుంది. సూర్యుడి మీద మచ్చలు దాదాపు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి. అవి పెరిగిన ఏళ్ళలో పై బ్యాండ్లు బ్రహ్మాండంగా పలుకుతాయి. 1979, 80లలో అలాంటి రోజులే. బుకింగ్ కిటికీలో టికెట్లు ఇచ్చే మనిషికి సూర్యుడి మచ్చల లెక్క తెలుసు. ఆ లెక్క ఆయన ఉద్యోగానికి ఎందుకూ పనికిరాదు. అయినా ప్రతి సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, ఆ లెక్క ముందు కూర్చునేవారు.

స్టేషను పట్టడం వేళ్ళ పని. డయల్ మీద 31 మీటర్ల బ్యాండు అంగుళం కూడా ఉండదు. ఆ కాస్తలోనే ఎన్నో దేశాలు ఇరుక్కుని ఉండేవి. మర పట్టుకుని తిప్పితే రెండు స్టేషన్లు దాటిపోతాం. బొటనవేలూ చూపుడువేలూ మర అంచుకు ఆనించి, ముల్లు కదిలిందో లేదో కంటికి తెలియనంతగా నెట్టాలి. మాట ముద్దగా ఉంటే ఇంకా వెంట్రుకవాసి. స్పష్టమవగానే చెయ్యి తీసెయ్యాలి. కొన్ని సెట్లలో చెయ్యి దగ్గరుంటేనే స్టేషను జరిగిపోయేది. అంతా కుదిరాక కూడా గొంతు ఊయల మీద ఉన్నట్టు దగ్గరికొచ్చి దూరమయ్యేది. దగ్గరికొచ్చినప్పుడు విన్నదాన్ని బట్టి, దూరమైనప్పుడు పోయిన ముక్కలను మనమే పూరించుకోవాలి.

ఏ స్టేషనో చెప్పేది గంట కొట్టే ముందు నిమిషం. ప్రసారం మొదలవబోయే ముందు ప్రతి స్టేషనూ తన గుర్తు సంగీతాన్ని మళ్ళీమళ్ళీ వాయించేది, శ్రోతలు ముల్లు సరిచేసుకోవడానికి. మాస్కోది 'మాస్కో రాత్రులు' బాణీ. డాయిషె వెల్లేది బేతోవెన్ ఒపేరా ఫిడేలియోలోని చిన్న తునక, చెలెస్టా మీద. రేడియో ఆస్ట్రేలియాలో కూకబరా అనే పిట్ట నవ్వు. వాయిస్ ఆఫ్ అమెరికాది యాంకీ డూడుల్. లండన్‌కి బిగ్ బెన్ గంటలు. మన ఆకాశవాణి పొద్దుటి గుర్తు సంగీతం కూడా ఒక పరదేశి చేతి చలవే. నాజీల కాలంలో ఇటు వచ్చిన వాల్టర్ కాఫ్‌మన్ శివరంజని రాగంలో కూర్చారు. ఆ బాణీలు నోటికొచ్చాక భాషతో పని లేకుండానే దేశం పేరు చెప్పేవాళ్ళం. బాబాయ్ కళ్ళు మూసుకుని వినేవారు, నేను పటంలో ఆ ఊరి మీద వేలు పెట్టాలి. ఆ ఆటలోనే నాకు హిల్వర్‌సమ్, కొలోన్, క్విటో తెలిశాయి. మా బళ్ళో భూగోళం పాఠంలో ఆ మూడూ లేవు.

క్విటో ఈక్వడార్ రాజధాని. ఆండీస్ కొండల్లో 1931 క్రిస్మస్ నాడు మొదలైన హెచ్‌సీజేబీ అక్కడుండేది. భూగోళానికి దాదాపు మనకు అవతలి పక్క. అది దొరికిన తెల్లవారుజామున బాబాయ్ మా తలుపు కొట్టి నన్ను లేపారు. లోగొంతుకలో "రారా, క్విటో, క్విటో" అన్నారు. నేను వెళ్ళేసరికి ఆర్గన్ మీద ఏదో భక్తిగీతం, సన్నగా, వెనక పెద్ద హోరు. కాసేపటికి సూర్యుడు వచ్చి దాన్ని తుడిచేశాడు. ఆయన పుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నారు.

తెల్లవారుజాము రేడియో అనగానే 1981 ఫిబ్రవరి 11 చెప్పకుండా ఉండలేను. మెల్‌బోర్న్ టెస్టు ఆఖరి రోజు. ఆస్ట్రేలియాకి కావలసింది 143, ముందు రోజు సాయంత్రానికే మూడు వికెట్లు పడి 24 పరుగులు. అక్కడ పగలు ఆట మొదలయ్యేసరికి మనకు ఇంకా చీకటి. చలికి దుప్పట్లు కప్పుకుని ఆరేడుగురం బాబాయ్ వరండాలో చేరాం. రేడియో ఆస్ట్రేలియా గొంతు తేలుతూ మునుగుతూ వస్తోంది. కపిల్ తొడ కండరం పట్టేసి ముందు రోజు బౌలింగుకు రాలేదు, ఇప్పుడు ఆ కాలితోనే వేస్తున్నాడు. దిలీప్ దోషి దెబ్బతిన్న పాదంతో వేస్తున్నాడు. వికెట్టు పడినప్పుడు అక్కడి జనం హోరూ అయనోస్ఫియర్ హోరూ కలిసిపోయి, పడింది ఎవరిదో తెలియడానికి కాస్త పట్టేది. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. 83కి అందరూ అవుట్. కపిల్‌కి 28 పరుగులకు అయిదు. పాలవాడు సైకిలు స్టాండు వేసి మాతోనే కూర్చుండిపోయాడు. ఆ పొద్దు వీధిలో పాలు ఆలస్యంగా అందినా ఎవరూ కోప్పడలేదు.

ఇంగ్లీషు కూడా ఆ పెట్టెలోంచే వచ్చింది. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో స్పెషల్ ఇంగ్లీష్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాదాపు 1,500 తేలిక మాటలతో, చిన్న వాక్యాలతో, నింపాదిగా చదివేవారు. తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీషు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మొదటిసారి వినపడింది అక్కడే. మాస్కో నుంచి తెలుగులోనే ప్రసారం వచ్చేది. గుంటూరు జిల్లా యాసకు దూరంగా, అచ్చు పుస్తకం చదివినట్టుండే ఆ తెలుగు మంచు దేశం నుంచి వస్తుంటే మా నాయనమ్మ కొంగు సర్దుకుని మరీ వినేది.

ఇక రిపోర్టులు. ఈ సరదాకు ప్రాణం ఇక్కడే ఉంది.

స్టేషను విన్నాక దానికి ఉత్తరం రాస్తాం. పొగడ్త ఉత్తరం కాదు. ఏ తేదీన, ఏ జీఎంటీకి, ఏ మీటర్లలో విన్నామో రాయాలి. సెట్టేమిటి, ఏరియల్ ఎంత పొడుగు, ఎటు నుంచి ఎటు కట్టాం, అది రాయాలి. తరవాత సిన్‌పో అనే అయిదంకెలు: సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల అడ్డు, ఆకాశం గరగర, ఊపు, మొత్తం మీద ఎలా ఉంది. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కు. 55555 అంటే లోకల్ స్టేషన్‌తో సమానం. 24232 అంటే చెవి రిక్కించి విన్నామని. ఆ తరవాత నిజంగా విన్నామనడానికి రుజువు: వార్తలు చదివింది ఆడమనిషా మగమనిషా, ఏ నిమిషానికి ఏ వార్త, పాట మధ్యలో వచ్చిన వాయిద్యం ఏది. విన్నది కనీసం పావుగంట ఉండాలి. అర్థం కాని భాషైతే వినపడ్డ ఊళ్ళ పేర్లు రాయవచ్చు. అన్నీ నీలం ఎయిరోగ్రామ్ మీద సన్నటి అక్షరాలతో, ఒక్క అంగుళం వృథా పోకుండా. మడతల లోపలి వైపు కూడా వదిలేవాళ్ళం కాదు. గాంధీ చౌకు పక్కగా పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి, ఎర్రడబ్బాలో కాకుండా కౌంటరులోనే ఇచ్చి, ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసుకుని వచ్చేవాళ్ళం.

ఇంత శ్రమ ఎందుకంటే అవతలివాళ్ళకు అది కావాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, తెలిశాక ఈ సరదా మీద గౌరవం పదింతలైంది. హిల్వర్‌సమ్‌లో రేడియో నెదర్లాండ్స్ ఇంజనీరు దక్షిణాసియా వైపు ఏ ఫ్రీక్వెన్సీలో పంపాలో కాగితం మీద లెక్క కడతాడు. ఋతువు మారినప్పుడల్లా ఆ లెక్క మారుస్తాడు. కానీ ఆ తరంగం తెనాలిలో దిగేసరికి ఎలా ఉందో, అదే చోట ఇంకో దేశం స్టేషను కూర్చుందో లేదో అక్కణ్ణుంచి కనపడదు. కృష్ణా డెల్టాలో అతనికి ఉద్యోగి లేడు. ఉన్నది పది పైసల పెన్సిలు చెక్కుకుని కూర్చున్న ఒక గుమాస్తా, ఆయన పక్కన నిక్కరు వేసుకున్న ఒక కుర్రవాడు. మేం పంపిన అంకెలు ఎక్కడో ఒక బల్ల మీద మిగతా ఊళ్ళ అంకెల పక్కన చేరేవి. మా తీరిక ఇంకొకరి పనికి అక్కరకొచ్చేది. సరదా అంటే ఒక్కళ్ళం కూర్చుని పొందేది అనుకునేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది.

జవాబు వారాలకో నెలలకో వచ్చేది. మా వీధి పోస్టుమాను గేటు దగ్గర నుంచే "మాస్టారూ, మీవాడికి ఫారిన్!" అని కేకేసేవాడు. కవరులో క్యూఎస్ఎల్ కార్డు ఉండేది. ఒక పక్క గాలిమరో, వంతెనో, యాంటెన్నాల అడవో ఉన్న రంగుల బొమ్మ. రెండో పక్క మనం రాసిన తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, అవి నిజమేనని ధ్రువీకరించే సంతకం. దాంతో పాటు కొత్త టైమ్‌టేబుల్, స్టిక్కర్లు, ఒక్కోసారి క్యాలెండరు. రేడియో నెదర్లాండ్స్ వాళ్ళ కాగితాల్లోంచే ఒక సంగతి తెలిసింది. మేం హాలండ్ నుంచి వింటున్నామనుకుంటున్నది మడగాస్కర్‌లోని వాళ్ళ రిలే కేంద్రం నుంచి వస్తోంది. ఆ వారమంతా నేను మడగాస్కర్ గురించి దొరికింది దొరికినట్టు చదివాను. ఆదివారాల హ్యాపీ స్టేషన్ కార్యక్రమం 1928 నుంచి నడుస్తోందని, దాన్నప్పుడు నడిపించే టామ్ మేయర్ పలు భాషల్లో పలకరించగలడని కూడా ఆ కాగితాలే చెప్పాయి.

కవరు పారేసేది లేదు. స్టాంపున్న మూల కత్తిరించి గిన్నెలో చల్లటి నీళ్ళలో వేస్తే కాసేపటికి స్టాంపు తనంతట తాను తేలి విడివడేది. దాన్ని పాత పేపరు మీద బోర్లించి, పైన అట్లాసు పెట్టి రాత్రంతా ఉంచేవాణ్ణి. ఇలా ఒక సరదా ఇంకో సరదాను తెచ్చింది. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలు మా నోటుబుక్కులకు అట్టలయ్యేవి. స్టాంపుల పుస్తకానికీ అదే అట్ట.

ఆ తరవాత సరదా చేతుల్లోకి దిగింది. బోసు రోడ్డులో రేడియో మెకానిక్ దగ్గర ఒక జర్మేనియం డయోడు, పాత గ్యాంగ్ కండెన్సరు, ఒక హెడ్‌ఫోను సంపాదించాను. పౌడరు డబ్బా వెడల్పున్న అట్టగొట్టం మీద ఎనామిల్ రాగితీగ దగ్గర దగ్గరగా, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా చుట్టాను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఏరియల్ తగిలించగానే చెవిలో విజయవాడ పలికింది. 1948 డిసెంబరు 1న మొదలైన ఆ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద మా ఊరికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉంది. గాలిలో వచ్చే ఆ తరంగంలోని శక్తే దాన్ని పలికించడానికి చాలు. ఆ మాట మెకానిక్ గారు ముందే చెప్పినా, చెవికి వినపడ్డాకనే నమ్మాను. ఎలక్ట్రానిక్స్ చదవాలని నిర్ణయించుకున్నది ఆ పూటే.

ఆ రేడియోలో ప్రపంచం గొడవ కూడా వినపడేది. రష్యన్ భాషలో బీబీసీ వస్తున్న చోట మర పెడితే పెద్ద యంత్రం తిరుగుతున్న రంపపు చప్పుడు. సోవియట్ ప్రభుత్వం ఆ ప్రసారాలను ప్రజలకు వినపడనీకుండా పంపే అడ్డుచప్పుడు అది. 1987లో బీబీసీ రష్యన్ మీద దాన్ని ఆపేశారు. అంతకు ముందు 1984 అక్టోబరు 31. పొద్దున ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగాయని తెలిసింది. ఆకాశవాణి ఆమె మరణాన్ని ప్రకటించింది సాయంత్రమే. మధ్యాహ్నానికే బీబీసీ చెప్పేసింది. బెంగాల్ పర్యటనలో ఉన్న రాజీవ్ గాంధీ కూడా బీబీసీయే పట్టుకుని విన్నారు. ఆ మధ్యాహ్నం బాబాయ్ వరండా నిండిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన్ని పనీపాటా లేని మనిషని అన్నవాళ్ళు కూడా ఆయన మర తిప్పుతుంటే నోరెత్తకుండా నిలబడ్డారు. రాజీవ్ గాంధీ స్వయంగా అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవారని, వీయూటూఆర్‌జీ ఆయన కాల్‌సైన్ అని తరవాత చదివాను. హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో చాలామంది తెలుగు కుర్రవాళ్ళను ఆ దారి పట్టించింది. మోర్స్ నేర్చుకోవడానికి మా ఊళ్ళో కుర్రవాళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసు ఉద్యోగి ఇంటికి సాయంత్రాలు వెళ్ళేవారు. ఆ టెలిగ్రాం కూడా 2013 జులైలో ముగిసింది.

టీవీ వచ్చిన కథ అందరూ రాశారు. 1987లో ఆదివారం పొద్దుట రామాయణం మొదలయ్యాక వెదురు గడల పక్కన అల్యూమినియం కడ్డీలు లేచాయి, మరి కొన్నాళ్ళకు గడలు పుచ్చిపోయాయి. నా బాధ అక్కడ లేదు. టీవీ చూసేవాళ్ళు చూశారు, మేం వింటూనే ఉన్నాం. ముగింపు వచ్చింది అవతలి కొస నుంచి. స్విస్ రేడియో 2004లో షార్ట్‌వేవ్ ఆపేసింది. క్విటో కొండల్లో హెచ్‌సీజేబీ షార్ట్‌వేవ్ కేంద్రం 2009లో మూతపడింది. 2012 జూన్‌లో కెనడా, హాలండ్ ఒకే నెలలో వెళ్ళిపోయాయి. 2014లో మాస్కో. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా, దాంతో పాటే కూకబరా నవ్వు. 2020 జనవరి ఆఖరున బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం. అన్నిటికీ చెప్పిన కారణం ఒకటే, ఖర్చు. శ్రోతలు ఇంటర్నెట్‌లో ఉన్నారు, వందల కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు దేనికని. లెక్కలు వేసేవాళ్ళకు అది సబబే కావచ్చు. కానీ కరెంటూ ఫోనూ లేని పల్లెకు, నోరు నొక్కిన దేశానికి, తుపానుకు తీగలన్నీ తెగిన ఊరికి ఆ పాత తరంగం ఒక్కటే చేరుతుంది. దానికి అడ్డుచప్పుడు పెట్టవచ్చు గానీ తీగలా తెంపలేరు, ఎవరు వింటున్నారో ఎవరూ కనిపెట్టలేరు. అలాంటిదాన్ని లాభనష్టాల పట్టీ చూసి కట్టెయ్యడం తప్పని నా అభిప్రాయం.

స్టాంపులు దాచుకునేవాడు ఈ రోజుకీ దాచుకోవచ్చు. వీణ వాయించేవాడికి వీణ ఉంది. మా సరదాకు అవతల ఒకడు ఉండాలి. బాబాయ్ ట్రాన్సిస్టరు నా దగ్గర ఇప్పటికీ శుభ్రంగా పనిచేస్తుంది. వాళ్ళబ్బాయి అమెరికా వెళ్తూ, బౌండు పుస్తకాలతో సహా నాకిచ్చి వెళ్ళాడు. బ్యాటరీలు వేసి 31 మీటర్లకు వెళ్తే చైనా గట్టిగా వినిపిస్తుంది. మిగతా చోటంతా బుర్రుమనే రొద. అది ఆకాశం గరగర కూడా కాదు. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టరు, పక్క ఫ్లాటు వైఫై పెట్టె, అన్నీ కలిసి చేసే చప్పుడు. ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో ఏరియల్ కట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్ళు తమ రిసీవరును ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచారు. ఎవరైనా ఇక్కణ్ణుంచి దాని మర తిప్పుకోవచ్చు. గొప్ప పని. నేనూ అప్పుడప్పుడు వింటాను. కానీ అది వాళ్ళ ఆకాశం. నాకు తెనాలి ఆకాశం లోంచి దిగింది కావాలి.

అందుకు ఒక మార్గం మిగిలింది. గాలివానకు కరెంటు పోయి, లైన్‌మన్ రావడానికి ఆలస్యమయ్యే రాత్రి. చుట్టూ అన్ని ఇళ్ళలో పెట్టెలూ చార్జర్లూ ఆగిపోగానే రొద ఒక్కసారిగా పడిపోతుంది. ట్రాన్సిస్టరు తీసుకుని డాబా మీదికి వెళ్తాను. ఈమధ్య మా మేనకోడలి కొడుకు కూడా వెంట వస్తున్నాడు, పదో తరగతి కుర్రవాడు. వాడికి మరను అంచుతో నెట్టడం పట్టుబడింది. పోయిన వానాకాలం అలాంటి రాత్రి రేడియో రుమేనియా దొరికింది. రుమేనియా వాళ్ళు ఇంకా షార్ట్‌వేవ్‌లో ఉన్నారు, ఇంకా శ్రోతల రిపోర్టులు అడుగుతారు. కుర్రవాడు ఫోన్‌లో రికార్డు చెయ్యబోతే వద్దని, కాగితం పెన్సిలు ఇచ్చాను. వార్తలు చదివింది మగమనిషి. తరవాత వేణువు, జానపద బాణీ. సిగ్నల్ 3, అడ్డు 4, గరగర 3, ఊపు 3, మొత్తం 3. జీఎంటీ రాయమంటే వాడు అయిదున్నర గంటలు తీసెయ్యకుండా కలిపాడు. సరిచేయించి, ఆ రాత్రే ఈమెయిల్‌లో పంపించాం. ఏరియల్ పొడవు దగ్గర, సెట్టుకున్న కడ్డీ మాత్రమేనని రాశాం.